కుంపటి చిన్నదైతే అప్పు చిన్నదవుతుందా?



ఈ మధ్య ఊళ్లలో కొత్త మాట ఒకటి తిరుగుతోంది. అణు రియాక్టర్లు పెద్దవైతేనే ఖర్చు, పెద్దవైతేనే భయం. ఇప్పుడు చిన్నవి వస్తున్నాయి, ఫ్యాక్టరీలో తయారు చేసి తెచ్చి బిగించేస్తారు, చవక అని. పేపర్లు రాస్తున్నాయి, నాయకులు చెబుతున్నారు. రణస్థలం వైపు మీటింగుకి వెళ్లినప్పుడు మన కార్యకర్తలే మమ్మల్ని అడిగారు: "అన్నా, కొవ్వాడలో పెద్దవి వద్దు, చిన్నవి పెట్టండి అని డిమాండు మారుద్దామా?" మేం జవాబు చెప్పేలోపే వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ లేచింది. డ్వాక్రా గ్రూపులో ఏళ్ల తరబడి వాయిదాలు కట్టించిన మనిషి. "చిన్నదో పెద్దదో తరవాత. అప్పు ఎవులి పేర రాత్తారు బాబూ?" అని అడిగింది.

ఆమె అడిగిన దానికి ఆ రోజు మేం సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. లెక్కలు తీసి ఇప్పుడు రాస్తున్నాం.

ముందు ఒక సంగతి. చిన్నదా పెద్దదా అని ఇంగ్లీషు పేపర్లలో నడుస్తున్న వాదన డబ్బు పెట్టేవాళ్ల మధ్య వాదన. లక్ష కోట్లు ఒకేచోట కుమ్మరించాలా, అయిదేసి వేల కోట్లు ఇరవై చోట్ల పెట్టాలా అన్నది వాళ్ల తగాదా. అందులో మన పేరెక్కడా లేదు. అయినా ఆ తగాదా మనకు అర్థం కావాలి. ఎందుకంటే ఎవరు గెలిచినా చివరికి చీటీ వచ్చేది మన గుమ్మానికే.

పెద్దదాని కథ మొదట చూద్దాం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకున్నవి అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ తయారీ ఏపీ1000 రకం రియాక్టర్లు ఆరు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. మొత్తం 7,248. నిజానికి ఈ ఆరూ గుజరాత్‌లో భావనగర్ జిల్లా మీఠీ విర్దీకి రావాల్సినవి. అక్కడి రైతులు భూమి ఇవ్వం అని భీష్మించారు. 2016లో వాటిని మన తీరానికి మళ్లించారు. (మన శ్రీకాకుళం మత్స్యకారులు పొట్ట చేత పట్టుకుని గుజరాత్ పడవల మీదికి కూలికి పోతారు. గుజరాత్ వద్దన్న కుంపటి మాత్రం మన ఊరికొచ్చింది. ఈ ఎదురు ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడరు.) రెండు వేల ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు. సేకరణ అన్నారు, ప్యాకేజీ అన్నారు. రియాక్టరు పని మాత్రం ఇప్పటికీ మొదలు కాలేదు. ఊళ్లలో మనిషి ఇల్లు కట్టుకోడానికీ లేదు, వదిలి పోడానికీ లేదు.

ఇదే రకం రియాక్టర్లు అమెరికాలోనే రెండు కట్టారు. జార్జియా రాష్ట్రం బర్క్ కౌంటీలో, వోగ్టిల్ అనే చోట. పక్కన షెల్ బ్లఫ్ అని నల్లజాతి వాళ్ల ఊరు. ఇలాంటివి ఎక్కడైనా ఎవరి పక్కన వెలుస్తాయో చెప్పక్కర్లేదు గదా! రెండిటికీ కలిపి 1,400 కోట్ల డాలర్లు చాలన్నారు. 2016, 2017 కల్లా కరెంటు అన్నారు. ఒకటి 2023 జులైలో, రెండోది 2024 ఏప్రిల్లో వచ్చాయి. ఖర్చు ఏకంగా 3,500 కోట్ల డాలర్ల దాకా పోయింది. మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌస్ కంపెనీయే దివాలా పిటిషను వేసింది. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలో ఇదే రకం రెండు కడుతూ, దాదాపు 900 కోట్ల డాలర్లు పోశాక, అదే ఏడాది సగంలో ఆపేశారు. ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. కంపెనీ పెద్దకు తర్వాత జైలుశిక్ష పడింది. కానీ జనం బిల్లుల్లో ఆ ఖర్చు మాత్రం మిగిలింది. జార్జియాలోనైతే 2009లోనే చట్టం చేసి పెట్టుకున్నారు: కరెంటు రాకముందే, కట్టుబడి మీద వడ్డీని జనం బిల్లుల్లోంచి వసూలు చేసుకోవచ్చని. తినని అన్నానికి ముందే డబ్బు కట్టించుకున్నారన్నమాట.

వోగ్టిల్ లెక్కన ఒక మెగావాటుకు ఒక కోటీ 57 లక్షల డాలర్లు పడింది. డాలరు 85 రూపాయలే అనుకుని కొవ్వాడకు గుణిస్తే తొమ్మిదిన్నర లక్షల కోట్ల రూపాయలు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం బడ్జెట్ 2025-26కు 3 లక్షల 22 వేల కోట్లు. అంటే మూడేళ్ల బడ్జెట్. మన దగ్గర కూలి చవక, అంత కాదు అంటారు. కావచ్చు. చైనా ఇదే రకాన్ని అమెరికా కంటే చవగ్గా కట్టింది, అది నిజం. సరే, సగమే అనుకోండి. అయినా ఏడాదిన్నర బడ్జెట్.

ఎందుకింత పెరుగుతుంది? ఇనుము, సిమెంటు రేట్లు పెరిగాయంటారు. డ్రాయింగులు మారాయంటారు. అసలు దొంగ వడ్డీ. ఈ విషయం మన వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. లక్ష రూపాయలు నూటికి ఏడాదికి పది రూపాయల వడ్డీకి తెచ్చి బావి తవ్వడం మొదలు పెట్టాం. నీళ్లు పడేదాకా రూపాయి కట్టలేం. అయిదేళ్లకు బావి అయితే బాకీ లక్షా 61 వేలు. పదేళ్లు పడితే 2 లక్షల 59 వేలు. పదిహేనేళ్లయితే 4 లక్షల 18 వేలు. బావి అదే, నీళ్లు అవే. రియాక్టరుకు అప్పంతా మొదటి రోజే తేరు గనక లెక్క అచ్చంగా ఇంత ఉండదు, కానీ నడిచే దారి ఇదే. మన కూడంకుళం మొదటి రెండు రియాక్టర్లు 2002లో మొదలయ్యాయి. ఒకటి 2014 చివర, ఇంకోటి 2017లో లెక్కలోకి వచ్చాయి. 13,171 కోట్లన్నది 22,462 కోట్లయింది.

చిన్న రియాక్టరు వాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. పన్నెండు వందల మెగావాట్ల దానికి పదేళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది. మూడు వందల మెగావాట్లకు లోపుదైతే మూడు నాలుగేళ్లలో పూర్తి చేయొచ్చు, కరెంటు అమ్మి మొదటిదాని అప్పు తీరుస్తూ రెండోది కట్టుకోవచ్చు. ఒకటి మునిగినా కంపెనీ మొత్తం మునగదు. భాగాలు ఫ్యాక్టరీలో వరసగా తయారైతే పదోది మొదటిదానికంటే చవకవుతుంది. వినడానికి బాగానే ఉంది. అప్పు చిన్న చిన్న ముక్కలు చేసుకోవడం మనమూ చేసే పనే.

కానీ పెళ్లి వంట సంగతి ఆలోచించండి. వెయ్యి ఆకులకు ఒకే గాడిపొయ్యి, ఒకే పెద్ద గుండిగ, ఒక వంటమేస్త్రి. అదే వెయ్యి మందికి నలభై ఇళ్లలో నలభై చిన్న కుండల్లో వండితే? కట్టెలు ఎక్కువ, మనుషులు ఎక్కువ, కాపలా ఎక్కువ. రియాక్టరైనా అంతే. చిన్నదైనా కంట్రోల్ రూము కావాలి, గోడలు కావాలి, మూడు షిఫ్టుల కాపలా కావాలి, లైసెన్సు కావాలి. ఇంజనీర్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం నాలుగో వంతు కరెంటిచ్చే యంత్రానికి ఖర్చు నాలుగో వంతు కాదు, దాదాపు నూటికి 43 వంతులు. అంటే ఒక్కో మెగావాటు ముప్పాతిక వంతు ఖరీదెక్కుతుంది. ఫ్యాక్టరీ తయారీ వల్ల మిగిలేది ముందు ఈ గుంట పూడ్చాలి, ఆ తర్వాతే చవక మాట.

ఇది మన అణువిద్యుత్ సంస్థకు తెలియని సంగతి కాదు. తారాపూర్‌లో 1969లో మొదలైన రియాక్టర్లు చిన్నవే. నరోరా, కాక్రపార్, కైగాల్లో వరసగా కట్టినవి 220 మెగావాట్లవి. ఆ తర్వాత 540కి పోయారు. తర్వాత 700కి పోయారు. ఎందుకు పోయారు? సైజు పెరిగితే యూనిట్ ఖర్చు తగ్గుతుందనే. ఇప్పుడు అదే 220 మెగావాట్ల దానికి 'భారత్ స్మాల్ రియాక్టర్' అని కొత్త పేరు పెట్టి, 2024 డిసెంబరు ఆఖరులో ప్రైవేటు కంపెనీలను డబ్బుతో రమ్మని పిలిచారు. నిన్న చిన్నది దండగ అయితే ఈరోజు చవక ఎలా అయింది? యంత్రం మారలేదు. డబ్బు పెట్టే చెయ్యి మారింది. ప్రైవేటు వాడి చేతిలో పట్టేంత సైజు ఇది.

కాగితం మీద కాదు, నేల మీద ఏమైందో చూద్దాం. అమెరికాలో న్యూస్కేల్ అనే కంపెనీ చిన్న రియాక్టర్లకు పేరు మోసింది. ఐడహో రాష్ట్రంలో 77 మెగావాట్లవి ఆరు, మొత్తం 462 మెగావాట్లు పెడతామంది. కొనేవాళ్లు యూటా, దాని చుట్టుపక్కల రాష్ట్రాల చిన్న చిన్న మునిసిపాలిటీలు. 2021లో 530 కోట్ల డాలర్లన్నారు. 2023 జనవరికి 930 కోట్లన్నారు. యూనిట్ ధర 5.8 సెంట్ల నుంచి 8.9 సెంట్లకు ఎగబాకింది. మన లెక్కన ఏడున్నర రూపాయలు. అదీ ప్రభుత్వం యూనిట్‌కు సుమారు మూడు సెంట్ల సాయం చేశాక! మెగావాటుకు లెక్క కడితే రెండు కోట్ల డాలర్లు. దివాలా తీయించిన వోగ్టిల్‌కే కోటీ 57 లక్షలు. ఒకటి అంచనా, ఒకటి అయిపోయిన ఖర్చు గనక రెండూ సరిగ్గా పక్కపక్కన నిలబెట్టలేం. కానీ చిన్నది చవక అనే మాట ఇందులో ఎక్కడ కనిపిస్తోంది? 2023 నవంబరులో ఆ ప్రాజెక్టు రద్దయింది. ఒక్క ఇటుక పేర్చకుండానే.

తొందరగా అయిపోతుందన్న మాట కూడా చూడండి. రష్యా వాళ్లు ఓడ మీద 35 మెగావాట్లవి రెండు పెట్టారు. 2007లో మొదలెట్టి 2020కి తేల్చారు. చైనా షిదావో బే దగ్గర సుమారు రెండు వందల మెగావాట్లది 2012 డిసెంబరులో మొదలైంది. 2023 డిసెంబరులో పూర్తి లెక్కకొచ్చింది. పదకొండేళ్లు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం 2025 మేలో 300 మెగావాట్లవి నాలుగు కట్టడానికి ఒప్పుకుంది. 2,090 కోట్ల కెనడా డాలర్లట. ఇది న్యూస్కేల్ కంటే, వోగ్టిల్ కంటే తక్కువే, కాదనం. కానీ ఇది శంకుస్థాపన నాటి లెక్క. వోగ్టిల్‌కూ ఆ నాడు అందమైన లెక్కే చెప్పారు.

మరి లాభం లేని దాని మీద పెట్టుబడిదారుడికి ఇంత మోజు ఎందుకు? ఇక్కడే మన పెద్దమ్మ ప్రశ్న దగ్గరకు వస్తాం. వాడికి కావాల్సింది చవక కరెంటు కాదు. చిన్న నష్టభయం. ఆ నష్టభయం మాయం కాదు, చేతులు మారుతుంది. ఎలా మారుతుందో చూడండి.

2010 అణు నష్టపరిహార చట్టంలో ప్రమాదం జరిగితే నడిపేవాడి బాధ్యత 1,500 కోట్లు. అది కూడా తక్కువే. కానీ అందులో ఒక మంచి ముక్క ఉండేది: యంత్రం లోపం వల్ల ప్రమాదమైతే యంత్రం అమ్మినవాడి మీద కూడా వసూలుకు పోవచ్చని. భోపాల్ అనుభవం వల్ల వచ్చిన ముక్క అది. భోపాల్ వేల చావులకు 1989లో యూనియన్ కార్బైడ్ 47 కోట్ల డాలర్లతో చేతులు దులుపుకుంది గదా! అమెరికా కంపెనీలు ఆ ముక్క తీసేయాలని పదిహేనేళ్లు పట్టుబట్టాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. దానికి పేరు 'శాంతి'. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. అమ్మినవాడి మీదికి పోయే హక్కు ఒప్పందంలో రాసుకుంటే తప్ప లేకుండా చేసింది. రియాక్టరు సైజును బట్టి పరిహారానికి మెట్లు కట్టింది. అన్నిటికంటే పెద్దదానికి 3,000 కోట్లు. అన్నిటికంటే చిన్నదానికి 100 కోట్లు.

వంద కోట్లు! చేపల వేట పోయిన ఊళ్లు, పంట పోయిన పొలాలు, జబ్బుపడిన పిల్లలు, అందరికీ కలిపి నడిపేవాడి జేబులోంచి వచ్చేది వంద కోట్లు. కుంపటి చిన్నదైతే వాడి పూచీ చిన్నదైంది. మన చర్మం మందం మాత్రం మారలేదు.

ఇక మొదటి వరస చిన్న రియాక్టర్లు ఖరీదుగానే ఉంటాయని వాళ్లే ఒప్పుకుంటారు. వంద చేశాక చవకవుతాయట. ఆ మొదటి వరస ఎవడు కొంటాడు? సర్కారు. 2025 బడ్జెట్లో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్లన్నారు, 2033 కల్లా కనీసం అయిదు నడుపుతామన్నారు. మన పిల్లల సంగతి ఒక్కసారి పక్కన పెట్టి చూడండి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు 2020 డిసెంబరులో ఒప్పుకున్న కేంద్రం వాటా అయిదేళ్లకు, నాలుగు కోట్ల మందికి కలిపి, 35,534 కోట్లు. పరిశోధన వద్దని మేం అనడం లేదు. మొదటి వరస నష్టం మనం భరిస్తే పదో వరస లాభం ఎవరికి పోతుందో రాసి చూపించండి అంటున్నాం.

కరెంటుకు మేం వ్యతిరేకం అనే వాళ్లకు ఒక జవాబు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కరెంటు వ్యవహారాలు చూసింది బాబాసాహెబే. దామోదర్ లోయ ప్రాజెక్టుకు పునాది వేసిన వాళ్లలో ఆయన ఒకరు. పరిశ్రమలు రాకుండా పేదరికం పోదు, చవక కరెంటు లేకుండా పరిశ్రమలు రావు అన్నది ఆయన లెక్క. ఎంత కరెంటు అని ఒక్కటే అడగలేదు, ఎంత చవక, ఎవరి చేతిలో అని అడిగాడు. ఆర్థికశాస్త్రం చదివినవాడు గనక అడిగాడు. మనం చదవకపోయినా అడగొచ్చు.

ఈరోజు దేశంలో కొత్త సోలారు కరెంటు వేలంలో యూనిట్ రెండున్నర రూపాయల దగ్గర పలుకుతోంది. రాత్రి ఎండ ఉండదు, బ్యాటరీ ఖర్చు కలపాలి, అది ఒప్పుకుంటాం. ఆ ఖర్చు కలిపిన లెక్క ఒక పక్క, రియాక్టరు వడ్డీ కలిపిన లెక్క ఒక పక్క పెట్టి చూపించమనండి. చూపించరు. ఎందుకంటే తేడా మన బిల్లులో 'సర్దుబాటు చార్జీ' అని వచ్చేది తర్వాత గదా. మన పేటల్లో 200 యూనిట్ల దాకా ఉచితం కాబట్టి మనకేం అనుకుంటే పొరపాటు. ఉచితం అంటే ఆ డబ్బు సర్కారు కడుతోందని. యూనిట్ ఖరీదెక్కిన రోజు ఏ పథకం మీద మొదట కత్తి పడుతుందో ఎరగని వాళ్లం కాదు.

భూమి మాట. చిన్నదానికి భూమి తక్కువ కావాలి, ఇది నిజంగా మేలే. కానీ పెద్దదైనా చిన్నదైనా పరిహారం లెక్క ఎకరాల్లోనే. ఎకరం లేనివాడు లెక్కలో లేడు. డి-పట్టా భూమి ఉన్నవాడు సగం లెక్కలో ఉంటాడు. సముద్రం మీద బతికేవాడికి సముద్రం పట్టా ఎవరూ రాసివ్వలేదు. ఆ భూముల్లో నాట్లేసి, కోతకోసి బతికిన మాల మాదిగ కూలీకి పనిరోజులు పోతాయి, ఆ పనిరోజుల ఖరీదు ఏ అంచనాలోనూ లేదు. అది కలిపితే మెగావాటు ఖర్చు ఇంకొంచెం పెరుగుతుంది మరి! రెండు రకాలకూ యురేనియం కావాలి. తుమ్మలపల్లె గని చుట్టుపక్కల రైతులను అడగండి, బోరునీళ్ల గురించి చెబుతారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ప్రచురించిన అధ్యయనం చిన్న రియాక్టర్ల నుంచి యూనిట్‌కు అణుచెత్త ఎక్కువే వస్తుందని తేల్చింది. దాన్ని వేల ఏళ్లు కాయాల్సిన ఖర్చు ఏ టెండరులోనూ లేదు.

ఐడహో ప్రాజెక్టు గురించి చెప్పడం మరిచిన ముక్క ఒకటుంది. కొనుగోలు ఒప్పందంలో ఆ చిన్న ఊళ్లు ముందే ఒక షరతు రాయించుకున్నాయి: ధర ఇంత దాటితే, ఫలానా దశలో మేం తప్పుకోవచ్చు అని. 2020లోనే లోగన్, లీహై లాంటి ఊళ్లు తమ కౌన్సిల్లో కూర్చుని లెక్క చూసుకుని తప్పుకున్నాయి. పెద్ద చదువుల కంపెనీ చెప్పింది విని తలూపలేదు. మన డిస్కంలు రాసుకునే ఒప్పందాల్లో అలాంటి తలుపు ఉందా? ఎన్రాన్ ఒప్పందంలో లేకనే గదా మహారాష్ట్ర దభోల్‌లో చేతులు కాల్చుకుంది, 2001లో ప్లాంటు మూతపడ్డా తగాదా తీరలేదు.

కాబట్టి కార్యకర్తలకు మా మాట ఇది. డిమాండు పెద్దది వద్దు చిన్నది కావాలి అని మార్చకండి. లెక్క అడగండి. గ్రామసభలో అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి: కట్టుబడి ఆలస్యమైతే పెరిగే వడ్డీ ఎవరు కట్టాలి, యూనిట్ ధర ఎంత దాటితే రాష్ట్రం కొనడం మానొచ్చు, ప్రమాదమైతే వంద కోట్లకు పైన పడే నష్టం ఎవరి ఖాతా, భూమి లేని కూలీకీ వేటగాడికీ ఏ పద్దు కింద ఎంత. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కరెంటు కొనేది ఈపీడీసీఎల్. సాధారణంగా నవంబరు ఆఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి, ఆ తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది. అభ్యంతరం ఎవరైనా పంపొచ్చు, తెలుగులో పంపొచ్చు, విచారణలో నిలబడి మాట్లాడొచ్చు. ఇన్నేళ్లుగా అక్కడ మాట్లాడేది ఎక్కువగా ఫ్యాక్టరీల వాళ్లే. ఈసారి ప్రతి మండలం నుంచి ఇద్దరైనా పోవాలి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. నమూనా అర్జీ వచ్చే సంచికలో వేస్తాం. ఈలోగా మీ ఊళ్లో డి-పట్టా భూములు ఎన్ని, కూలీ ఇళ్లు ఎన్ని, పడవలు ఎన్ని అన్నది ఒక కాగితం మీద రాసి మాకు పంపండి.